పేరు మారిన గడ్డ: థైరాయిడ్ రిపోర్టు చేతికొచ్చినప్పుడు ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

(మా ఆసుపత్రి ప్రార్థనా మందిరంలో రోగుల కుటుంబ సభ్యుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరు పొద్దుటి నుంచీ ఓపీ దగ్గర కూర్చుని ఉన్నారు. కొందరు వార్డులో తమవారిని నర్సమ్మకు అప్పగించి వచ్చారు. మీ సమయం విలువైనదని నాకు తెలుసు. అందుకని నేరుగా విషయానికే వస్తాను. ఈ రోజు మనం మాట్లాడుకునేది మెడలో వచ్చే థైరాయిడ్ గడ్డల గురించి. ముఖ్యంగా, రిపోర్టులో 'క్యాన్సర్' అనే మాట కనబడగానే భయపడిపోయి అవసరానికి మించిన ఆపరేషన్‌కు, అవసరానికి మించిన మందుకు ఎందుకు ఒప్పుకుంటున్నాం, అలా జరగకుండా ఏం చేయాలి అన్నదాని గురించి.

ఈ మాటలు రోగులతో కాకుండా మీతో చెప్పడానికి ఒక కారణం ఉంది. చాలాసార్లు రోగి కంటే ముందు కంగారుపడేది ఇంట్లోవాళ్లే. "డాక్టరమ్మ గారూ, ఎంత ఖర్చయినా ఫరవాలేదు, అప్పు చేసైనా తెస్తాం, మొత్తం తీసేయండి" అని చేతులు పట్టుకుంటారు. అది ప్రేమతో అన్న మాటే. అయితే ప్రేమతో తీసుకున్న నిర్ణయం కూడా ఒక్కోసారి మన బిడ్డకు జీవితాంతం బరువవుతుంది. అందుకే ముందు మీరు కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

ఎక్కువ వెతికితే ఎక్కువ దొరుకుతాయి

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మాదాపూర్ చుట్టుపక్కల ఎక్కువగా రాళ్లగుట్టలే ఉండేవి. ఇవాళ మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ వరకూ కంపెనీలే. మన పిల్లలు ఎందరో అక్కడ పని చేస్తున్నారు. చాలా కంపెనీలు ఏటా ఉద్యోగులకు ఆరోగ్య పరీక్షలు చేయిస్తాయి. పిల్లలు తమతోపాటు ఊళ్లో ఉన్న అమ్మానాన్నలను కూడా పిలిపించి 'ఫుల్ బాడీ చెకప్' చేయిస్తారు. మంచిదే. బీపీ, షుగరు, కొలెస్టరాల్ తెలుస్తాయి. అయితే కొన్ని ప్యాకేజీలలో మెడ స్కానింగ్ కూడా ఉంటుంది. ఏ ఇబ్బందీ లేని మనిషికి మెడ స్కానింగ్ చేస్తే ఏమవుతుందో వినండి.

థైరాయిడ్ అన్నది గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి. దానికి కుడి, ఎడమ రెండు భాగాలు. అందులో గడ్డలు రావడం చాలా మామూలు. చేత్తో తడిమి చూస్తే నూటికి సుమారు 5 మంది ఆడవాళ్లలో, ఒక్క మగవాడిలో గడ్డ తెలుస్తుంది. అదే మంచి అల్ట్రాసౌండ్ యంత్రంతో చూస్తే నూటికి 19 నుంచి 68 మందిలో ఏదో ఒక గడ్డ కనబడుతుందని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాలలో ఉంది. అంటే ఇక్కడ కూర్చున్న మనందరికీ స్కానింగ్ చేస్తే చాలామందికి చేతికి ఒక రిపోర్టు వస్తుంది, రాత్రికి నిద్ర పోతుంది.

ఆ గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. క్యాన్సర్ అయిన కొద్దింటిలోనూ చాలా చిన్నవి మనిషిని ఏమీ చేయకుండా అలాగే ఉండిపోతాయి. ఫిన్లాండ్‌లో వేరే కారణాలతో చనిపోయిన 101 మంది థైరాయిడ్ గ్రంథులను సన్నని పొరలుగా కోసి పరీక్షించి 1985లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 36 మందిలో చిన్న చిన్న పాపిలరీ క్యాన్సర్లు కనబడ్డాయి. వాటితోనే వాళ్లు బతికారు, వాటివల్ల చనిపోలేదు.

దక్షిణ కొరియా దేశం నేర్చుకున్న పాఠం మనకు కూడా పనికొస్తుంది. అక్కడ 1999లో ప్రభుత్వం క్యాన్సర్ పరీక్షల కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో థైరాయిడ్ లేకపోయినా, ఆసుపత్రులు కొంచెం డబ్బు తీసుకుని మెడ స్కానింగ్ కూడా చేసేవి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. నిజంగా అంత జబ్బు వచ్చి ఉండి, దాన్ని ముందే పట్టుకున్నారంటే, చనిపోయేవారి సంఖ్య తగ్గాలి కదా? తగ్గలేదు. పెరగనూ లేదు. ఉన్నచోటే ఉంది. ఆపరేషన్ చేయించుకున్న 15 వేల మందికి పైగా రోగుల వివరాలు చూస్తే నూటికి 11 మందికి కాల్షియం గ్రంథులు దెబ్బతిన్నాయి, ఇద్దరికి స్వరతంత్రి పక్షవాతం వచ్చింది. 2014లో అక్కడి వైద్యులే కొందరు ముందుకొచ్చి, లక్షణాలు లేనివారికి మెడ స్కానింగ్ వద్దని ప్రజలకు చెప్పారు. ఏడాది తిరిగేసరికి థైరాయిడ్ ఆపరేషన్లు నూటికి 35 వంతులు తగ్గాయి.

మన దేశంలో కూడా ఇలాంటి తేడా ఉంది. క్యాన్సర్ నమోదు కేంద్రాల లెక్కల్లో థైరాయిడ్ క్యాన్సర్ ఎక్కువగా కనబడే ప్రాంతాలలో కేరళలోని తిరువనంతపురం ముందుంది. వైద్య పరీక్షలు అందుబాటులో ఉన్నచోట ఇవి ఎక్కువగా బయటపడతాయి. మన సైబరాబాద్ పిల్లలు "కంప్యూటర్ ముందు కూర్చోవడం వల్ల వచ్చిందా, సెల్‌ఫోను వల్ల వచ్చిందా" అని అడుగుతుంటారు. అలా అనడానికి ఆధారం లేదు. చిన్నతనంలో మెడకు రేడియేషన్ తగలడం మాత్రం తెలిసిన కారణం. ఎక్కువ వెతికే చోట ఎక్కువ దొరుకుతాయన్న సంగతి మరిచిపోకండి.

ఒక ఇంటి సంగతి

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు. మా దగ్గరకు వచ్చే అనేక కుటుంబాల సంగతులు కలిపి చెబుతున్నాను.

ఒక అమ్మాయి. వయసు 28. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్లి కుదిరింది. కంపెనీ చెకప్‌లో మెడకు కుడివైపు 2 సెంటీమీటర్ల పైన ఒక గడ్డ కనబడింది. థైరాయిడ్ రక్తపరీక్ష మామూలుగానే ఉంది. సూది పరీక్ష చేశారు. ఇది గడ్డలోకి సన్నని సూది పంపి కొన్ని కణాలు తీసి చూసే పరీక్ష. దాని ఫలితాన్ని బెథెస్డా పద్ధతిలో 1 నుంచి 6 వరకు తరగతులుగా రాస్తారు. 2 అంటే హాని లేనిది. 6 అంటే క్యాన్సర్. 3, 4 అంటే తేల్చి చెప్పలేనివి. ఈ అమ్మాయికి 4 వచ్చింది. తేల్చుకోవడానికి గడ్డ ఉన్న కుడి భాగం మాత్రమే తీశారు. ఇంతవరకూ జరిగింది సరైనదే.

పది రోజులకు బయాప్సీ రిపోర్టు వచ్చింది. అందులో పొడుగాటి పేరు. దాని చివర 'కార్సినోమా'. అమ్మ కూలబడిపోయింది. నాన్న "మిగతా సగం కూడా తీసేయండి, రేడియో అయోడిన్ మందు కూడా ఇచ్చేయండి, మళ్లీ రాకూడదు" అన్నారు. కాసేపయ్యాక అమ్మ నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది: "పెళ్లివారికి ఏం చెప్పమంటారమ్మా?"

ఆ తల్లికి ఇచ్చే జవాబు 2016కు ముందు ఒకటి. ఆ తర్వాత మరొకటి. ఆ తేడా చెప్పడానికే నేను ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

పేరు ఎందుకు మార్చారు?

పాపిలరీ థైరాయిడ్ క్యాన్సర్‌లో ఒక రకం ఉండేది. కణితి చుట్టూ కొబ్బరికాయకు చిప్ప ఉన్నట్టు ఒక పొర ఉంటుంది. లోపలి కణాలు మైక్రోస్కోపులో చూస్తే పాపిలరీ క్యాన్సర్ కణాల్లాగే కనబడతాయి. కానీ అవి పొర దాటి బయటికి రావు, రక్తనాళాల్లోకి చొరబడవు. కణం రూపం చూసి దీన్ని క్యాన్సర్ అని పిలిచారు. క్యాన్సర్ అని పిలిచారు గనుక క్యాన్సర్‌కు చేసే వైద్యమంతా చేశారు. గ్రంథి మొత్తం తీసేయడం, రేడియో అయోడిన్ ఇవ్వడం, జీవితాంతం పరీక్షలు.

అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో యూరీ నికిఫొరోవ్ అనే పాథాలజిస్టు ఉన్నారు. పాథాలజిస్టు అంటే గడ్డను మైక్రోస్కోపులో చూసి రిపోర్టు రాసే డాక్టరు. 19 ఏళ్ల అమ్మాయి గడ్డ విషయంలో ఆయన అభిప్రాయం అడిగారట. సగం గ్రంథి అప్పటికే తీశారు. గడ్డ మొత్తం పొర లోపలే ఉంది. ఇక ఏమీ చేయనక్కర్లేదని ఆయన సర్జనుకు చెప్పారు. ఆమె ఆయనకు మంచి స్నేహితురాలే. అయినా నియమాల ప్రకారం మిగతా సగం తీయాల్సిందే, రేడియో అయోడిన్ ఇవ్వాల్సిందే అంది. ఇలాంటివి ఇక ఆగాలని అప్పుడు అనిపించినట్టు ఆయన తర్వాత పత్రికలవారికి చెప్పారు.

ఆ తర్వాత 7 దేశాలకు చెందిన 24 మంది పాథాలజిస్టులు కలిసి ఇలాంటి కణితుల స్లైడ్లను మళ్లీ పరిశీలించారు. పొర దాటని కణితి ఉన్న 109 మందిని తీసుకున్నారు. వారిలో 67 మందికి సగం గ్రంథి మాత్రమే తీశారు. 109 మందిలో ఒక్కరికీ రేడియో అయోడిన్ ఇవ్వలేదు. 10 నుంచి 26 ఏళ్ల తర్వాత చూస్తే అందరూ బతికే ఉన్నారు, ఎవరికీ జబ్బు ఆనవాలు లేదు. పొర దాటిన రకం ఉన్న 101 మందిని కూడా చూశారు. వారిలో 12 మందికి జబ్బు తిరగబెట్టడం లాంటి ఇబ్బందులు వచ్చాయి. ఇద్దరు చనిపోయారు. అంటే తేడా కణం రూపంలో లేదు. పొర దాటిందా లేదా అన్నదాంట్లో ఉంది.

2016 ఏప్రిల్‌లో ఈ ఫలితాలు 'జామా ఆంకాలజీ' అనే వైద్య పత్రికలో వచ్చాయి. పొర దాటని రకానికి కొత్త పేరు పెట్టారు. 'నాన్ ఇన్వేసివ్ ఫాలిక్యులర్ థైరాయిడ్ నియోప్లాజమ్ విత్ పాపిలరీ లైక్ న్యూక్లియర్ ఫీచర్స్'. నోరు తిరగదు కదా! అందుకే 'నిఫ్ట్‌పీ' అంటారు. ఈ పేరులో 'కార్సినోమా' లేదు. క్యాన్సర్ అన్న మాటే తీసేశారు. ప్రపంచంలో ఏటా 45 వేల మందికి పైగా రోగులకు ఈ మార్పు వర్తిస్తుందని వారు అంచనా వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కణితుల వర్గీకరణ గ్రంథంలో 2017లో ఈ పేరు చేర్చింది. 2022 వర్గీకరణలో దీన్ని 'తక్కువ ప్రమాదం గల కణితులు' అనే విభాగంలో పెట్టింది.

ఇక్కడ మూడు విషయాలు జాగ్రత్తగా వినండి.

మొదటిది: ఈ సంగతి సూది పరీక్షలో తేలదు. పొర దాటిందా లేదా తెలియాలంటే గడ్డను పూర్తిగా బయటికి తీసి, పొర చుట్టూతా పరీక్షించాలి. కాబట్టి మొదటి ఆపరేషన్, అంటే గడ్డ ఉన్న సగం తీయడం, తప్పకపోవచ్చు. తప్పేది రెండో ఆపరేషన్. తప్పేది రేడియో అయోడిన్.

రెండోది: దీని నియమాలు కఠినంగా ఉంటాయి. పొర అంతా చూడకుండా ఈ పేరు పెట్టకూడదు. నిజమైన పాపిలరీ ఆకారాలు కనబడితే ఈ పేరు పెట్టకూడదని 2018లో నియమాన్ని ఇంకా బిగించారు. ఆసియా దేశాల్లో ఈ రకం పాశ్చాత్య దేశాలకన్నా తక్కువగా కనబడుతోంది. కాబట్టి మీ ఇంట్లో వచ్చిన ప్రతి థైరాయిడ్ క్యాన్సరూ ఇదే అనుకోవద్దు.

మూడోది: తక్కువ ప్రమాదం అంటే అసలే లేదని కాదు. డాక్టరు రమ్మన్నప్పుడు వచ్చి చూపించుకుంటూ ఉండాలి.

మొత్తం తీసేస్తే పోయేదేమిటి?

"పేరు ఏదైతేనేం, మొత్తం తీసేస్తే ఒక గొడవ వదిలిపోతుంది కదా" అంటారు కొందరు. ఒక గొడవ వదిలి, నాలుగు గొడవలు పట్టుకోవచ్చు.

థైరాయిడ్ వెనకాల స్వరానికి సంబంధించిన నరాలు రెండు ఉంటాయి, పక్కకొకటి. సగం తీస్తే ఒక నరం దగ్గరే పని. మొత్తం తీస్తే రెండింటి దగ్గరా. రోజంతా ఫోన్లో, రాత్రిళ్లు విదేశాల వారితో మాట్లాడే ఉద్యోగం చేసే పిల్లకు గొంతు బొంగురుపోతే ఆ ఇబ్బంది ఎంతటిదో ఆలోచించండి. అలాగే థైరాయిడ్‌ను అంటిపెట్టుకుని నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. ఒంట్లో కాల్షియం సరిగా ఉండేలా చూసేవి అవే. అవి దెబ్బతింటే చేతులు, పెదవులు తిమ్మిర్లెక్కుతాయి, కండరాలు పట్టేస్తాయి. కొందరికి కొద్ది వారాలు, కొందరికి జీవితాంతం కాల్షియం మాత్రలు వేసుకోవాలి.

గ్రంథి మొత్తం పోతే థైరాక్సిన్ మాత్ర బతికినన్నాళ్లూ ఉంటుంది. పొద్దున్నే పరగడుపున, టిఫిను కాఫీలకు అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు దానికి నాలుగు గంటల ఎడం ఉండాలి. గర్భం వస్తే మోతాదు పెంచాలి. సగం గ్రంథి మిగిలితే చాలామందికి ఈ మాత్ర అవసరం రాదు. కొందరికి మాత్రం కావలసి వస్తుంది.

రేడియో అయోడిన్ అవసరమైన రోగికి చాలా మంచి మందు. అయితే తీసుకున్నాక కొద్ది రోజులు పసిపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి. పాలిచ్చే తల్లి పాలివ్వడం మానాలి. కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. కొత్తగా పెళ్లయిన పిల్లకు ఇవన్నీ చిన్న విషయాలు కావు. అవసరం ఉంటే తప్పదు. అవసరం లేకపోతే ఎందుకు?

తక్కువ ప్రమాదం ఉన్న థైరాయిడ్ క్యాన్సర్‌లో కూడా వైద్యం తగ్గింది

పేరు మారని, అంటే నిజంగా క్యాన్సరే అయిన చిన్న గడ్డల విషయంలో కూడా వైద్యులు ఇప్పుడు ఆచితూచి అడుగేస్తున్నారు. జపాన్‌లోని కోబె నగరంలో కూమా ఆసుపత్రి ఉంది. అక్కడ అకిరా మియావుచి అనే వైద్యుని సూచనతో 1993 నుంచి, ఒక సెంటీమీటరు కూడా లేని, ప్రమాద లక్షణాలు లేని పాపిలరీ క్యాన్సర్లకు వెంటనే ఆపరేషన్ చేయకుండా స్కానింగ్‌తో కనిపెట్టి చూడడం మొదలుపెట్టారు. అలా చూసిన 1,235 మంది వివరాలు 2014లో ప్రచురించారు. పదేళ్లలో నూటికి 8 మందిలో గడ్డ 3 మిల్లీమీటర్లు గానీ అంతకన్నా ఎక్కువగా గానీ పెరిగింది. నూటికి 4 మందిలోపే మెడ గ్రంథులకు పాకింది. అలాంటివారికి అప్పుడు ఆపరేషన్ చేశారు. ఆ క్యాన్సర్‌తో ఒక్కరూ చనిపోలేదు.

అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాల ప్రకారం, ఒక సెంటీమీటరు కన్నా చిన్న గడ్డలకు, మెడ గ్రంథులు ఉబ్బడం లాంటివి లేకపోతే, సూది పరీక్షే సాధారణంగా అవసరం లేదు. 1 నుంచి 4 సెంటీమీటర్ల వరకు ఉండి బయటికి పాకని క్యాన్సర్లలో కూడా సగం తీస్తే సరిపోవచ్చు. ఫ్రాన్సులో తక్కువ ప్రమాదం గల 776 మంది రోగులపై జరిగిన అధ్యయనం 2022లో వెలువడింది. గ్రంథి తీశాక సగం మందికి రేడియో అయోడిన్ ఇచ్చారు, సగం మందికి ఇవ్వలేదు. మూడేళ్ల తర్వాత రెండు వర్గాలవారూ ఇంచుమించు ఒకేలా ఉన్నారు.

ఇది చెప్పేటప్పుడు నా సంగతి కూడా దాచను. 2016కు ముందు నేను కూడా ఇలాంటి రిపోర్టు పట్టుకుని వచ్చిన ఆడపిల్లలను రెండో ఆపరేషన్‌కు పంపించాను. ఆ రోజుల్లో నియమం అదే. మేము తెలిసింది చేశాం. కానీ వారిలో ఒకరిద్దరు ఇప్పటికీ కాల్షియం మాత్రల చీటీ రాయించుకోవడానికి వస్తుంటారు. "బాగున్నాను డాక్టరమ్మ గారూ" అని నవ్వుతూ చెబుతారు. వాళ్లు వెళ్లాక నేను కాసేపు అలాగే కూర్చుండిపోతాను. వైద్యం మారుతుంది. మారిందని తెలిశాక కూడా పాత దారిలోనే వెళితే అది తప్పవుతుంది.

పాత రిపోర్టులు ఉన్నవారు

2016కు ముందు ఆపరేషన్ అయిన వారు తమ బయాప్సీ రిపోర్టు ఒకసారి తీసి చూడండి. 'ఎన్‌క్యాప్సులేటెడ్ ఫాలిక్యులర్ వేరియంట్' అని ఉండి, పొర దాటలేదని రాసి ఉంటే, మీ డాక్టరును అడిగి స్లైడ్లు మళ్లీ చూపించుకోవచ్చు. అయితే గ్రంథి మొత్తం తీసినవారు, పేరు మారినా సరే, థైరాక్సిన్ మాత్ర మానకూడదు. క్యాన్సర్ కాదట కదా అని మాత్రలు ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

నా మాటలు విని "అయితే గడ్డను పట్టించుకోనక్కర్లేదు" అనుకుంటే నేను చేసిన మేలు కీడుగా మారుతుంది. థైరాయిడ్ క్యాన్సర్లన్నీ నెమ్మదైనవి కావు. మెడుల్లరీ అనే రకం కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. అనాప్లాస్టిక్ అనే రకం చాలా వేగంగా ముదురుతుంది. ఈ కింది లక్షణాల్లో ఏది ఉన్నా వెంటనే వైద్యుని కలవండి:

- గడ్డ వారాల్లోనే పెరుగుతున్నా, రాయిలా గట్టిగా ఉన్నా
- మూడు వారాలు దాటినా గొంతు బొంగురు తగ్గకపోయినా
- మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా
- మెడ పక్కన బిళ్లలు కట్టినా
- చిన్నప్పుడు మెడకు రేడియేషన్ తగిలినా, ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ రకం వచ్చినా

డాక్టరును అడగవలసిన ప్రశ్నలు

రిపోర్టు చేతికి వచ్చిన రోజే ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోవద్దు. నెమ్మదైన రకమైతే కొద్ది వారాలు ఆలోచించుకున్నందువల్ల నష్టం ఉండదు. ఒక కాగితం మీద ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. అడగడానికి మొహమాటపడకండి. మంచి డాక్టరు ప్రశ్నలకు కోపగించుకోరు.

1. గడ్డ ఎంత పెద్దది? దీనికి సూది పరీక్ష నిజంగా అవసరమా?
2. సూది పరీక్షలో బెథెస్డా ఎన్నో తరగతి?
3. సగం తీస్తే సరిపోతుందా? మొత్తం తీయాలంటే కారణం ఏమిటి?
4. బయాప్సీలో పొర అంతా చూశారా? పొర గానీ, రక్తనాళం గానీ దాటిందా?
5. ఇది నిఫ్ట్‌పీ అయ్యే అవకాశం ఉందా? మరో పాథాలజిస్టుకు స్లైడ్లు చూపించవచ్చా?
6. రేడియో అయోడిన్ ఇస్తే మా మనిషికి కలిగే లాభం ఏమిటి? ఇవ్వకపోతే నష్టం ఏమిటి?
7. వెంటనే ఏమీ చేయకుండా కనిపెట్టి చూడవచ్చా? చూస్తే ఎన్ని నెలలకోసారి రావాలి?

మరో అభిప్రాయం కావాలనుకుంటే స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు మీ ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోవచ్చు. మన నగరంలో పంజాగుట్టలోని నిమ్స్, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. మరొకరికి చూపించుకుంటే మొదటి డాక్టరును అవమానించినట్టు కాదు.

ఇంకొక్క మాట. మెడ స్కానింగ్ గురించి భయపడే సైబరాబాద్ కుటుంబాలు అసలు భయపడవలసిన దాన్ని వదిలేస్తున్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు ఇక్కడి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. వారిలో నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 మంది స్థూలకాయులు. చెకప్ రిపోర్టులో మెడ గడ్డ పక్కన ఆ కాలేయం సంగతి కూడా ఉంటుంది. దానికి ఆపరేషన్ లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. వేళకు తినడం, నడవడం, నిద్రపోవడం, ఇంట్లో మీరు చూసుకోగలిగిన వైద్యం ఇదే.

చివరిగా

మన అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. స్లైడ్లు మళ్లీ చూపించారు. పొర మొత్తం చూశారు. ఎక్కడా దాటలేదు. రిపోర్టులో 'నిఫ్ట్‌పీ' అని రాశారు. రెండో ఆపరేషన్ లేదు, రేడియో అయోడిన్ లేదు. పెళ్లివారికి ఏం చెప్పాలని అడిగిన తల్లికి ఇలా చెప్పవచ్చు: "అమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మెడలో గడ్డ వస్తే తీయించాం, అది క్యాన్సర్ కాదని డాక్టర్లు రాశారు, ఇదిగో కాగితం అని చూపించండి. దాచవద్దు. దాచవలసినది ఏమీ లేదు."

ఒకవేళ నిజంగా క్యాన్సర్ అని తేలినా దాచవద్దు. ఈ జబ్బు వచ్చిన ఆడపిల్లలు వైద్యం తర్వాత పెళ్లి చేసుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు.

పొలంలో గోధుమల మధ్య గురుగులు మొలిచిన ఉపమానం మీలో చాలామందికి తెలుసు. పనివాళ్లు వెంటనే పీకేస్తామని ఆత్రపడ్డారు. యజమాని వద్దన్నాడు. గురుగులతోపాటు గోధుమలు కూడా ఊడివస్తాయని ఆయన భయం. ఆయన గురుగులను పట్టించుకోక వదిలేయలేదు. పంట మీద కన్ను వేసి ఉంచి, తీయవలసిన సమయంలో తీయించాడు. మీరు ఏ మతం వారైనా, ఈ రైతు ఓపిక మనందరికీ అర్థమయ్యేదే. మీ ఇంట్లోవారి మెడ మీద కత్తి పెట్టించే ముందు ఆ ఓపిక కొంచెం పట్టండి. అడగండి, తెలుసుకోండి, తర్వాత నిర్ణయించుకోండి.

దేవుడు మీ రోగులకు స్వస్థతను, మీకు ధైర్యాన్ని అనుగ్రహించును గాక. సందేహాలు ఉన్నవారు ఉండండి, నేను ఇక్కడే ఉంటాను.